కనపడకుండా పోయిన పెద్దావిడ కేసులో ఆన్‌లైన్ డిటెక్టివ్‌ల వల్ల ఉపయోగం ఉంటుందా?

ఫొటో పంచుకునేంతవరకు ఉంటుంది. అక్కడి నుంచి ఒక్క అడుగు ముందుకేస్తే ఉండదు, పైగా నష్టం. ఇది నా గట్టి అభిప్రాయం. మార్చుకునే ఉద్దేశం కూడా లేదు.

ఒక పెద్దావిడ ఇంట్లోంచి మాయమైంది, ఎవరో ఎత్తుకెళ్ళారని అనుమానం, ముక్కూ మొహం తెలియని వందల మంది వీడియోలు జూమ్ చేసి చూసి "వీడే దొంగ" అంటున్నారు, ఇది పోలీసులకు సాయమా, ఆటంకమా అని మీరు అడిగారు. ఆ కేసు సంగతి వదిలేయండి. మా బిల్డింగ్‌లో జరిగింది చెప్తాను, సమాధానం అందులోనే ఉంది.

మాది రామంతాపూర్. నేను అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీని. అంటే మోటారు కాలిపోతే తిట్లు తినే పోస్టు. మూడో అంతస్తులో ఎనభై దాటిన పెద్దావిడ ఒకరుండేవారు. బిల్డింగ్ మొత్తానికి ఆమె నానమ్మే. కొడుకు న్యూజెర్సీలో, కూతురు బెంగళూరులో. మతిమరుపు మొదలైంది కాబట్టి చూసుకోవడానికి ఇంట్లోనే ఉండే ఒక అమ్మాయిని పెట్టారు. పాలమూరు వైపు పిల్ల, ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. నానమ్మకు జడ వేసేది, మందులు వేసేది, మధ్యాహ్నం ఇద్దరూ టీవీ ముందు కునుకు తీసేవాళ్ళు.

ఒకరోజు మధ్యాహ్నం మూడు గంటలప్పుడు ఆ అమ్మాయి బీపీ మాత్రల కోసం మెడికల్ షాపుకు వెళ్ళింది. ఇరవై నిమిషాల్లో తిరిగొచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది, నానమ్మ లేదు. ముందు మెట్లు, తర్వాత టెర్రస్, తర్వాత గుడి, ఆ తర్వాత అందరికీ టెన్షన్ మొదలైంది. కూతురు బెంగళూరు నుంచి ఫోన్‌లో ఏడుస్తోంది. స్టేషన్‌కు వెళ్ళి మిస్సింగ్ కేసు పెట్టించాం.

మా గేటు కెమెరా ఎప్పుడూ పావురాల వల వైపే చూస్తుంటుంది. తిప్పించండి మహాప్రభో అని ప్రతి మీటింగ్‌లో మొత్తుకుంటాను. ఖర్చు అంటారు. అందుకని ఎదురు కిరాణా షాపు కెమెరా చూడాల్సి వచ్చింది. షాపాయన డీవీఆర్ (కెమెరా వీడియోలు రికార్డయ్యే పెట్టె) ముందు నన్ను కూర్చోబెట్టాడు. వెనక మా ట్రెజరర్ గారు, ఇంకో నలుగురు. స్క్రీన్ మీద మూడూ పది. తెల్ల కారు ఆగింది. టోపీ పెట్టుకున్న మగమనిషి ఒక ముసలావిడ రెక్క పట్టుకుని వెనక సీట్లో కూర్చోబెట్టాడు. నెరిసిన జుట్టు, నేత చీర. కారు కదిలింది, అంతే. ట్రెజరర్ గారు నా భుజం మీదుగా ఫోన్ చాపి మానిటర్‌ను వీడియో తీసేశారు. నేను తల తిప్పేలోపు అది కాలనీ గ్రూపులో పడింది. రాత్రి అన్నాలు తినేవేళకు యూట్యూబ్‌లో ఉంది, ఎర్ర బాణం గుర్తుతో, నానమ్మ ఫొటో పక్కన ఎవరిదో అరుస్తున్న మొహంతో.

ఇక చూడండి వాళ్ళ తెలివి. రెక్క పట్టుకున్న తీరును బట్టి ఇది బలవంతమే అని ఒకడు. ముసలావిడ మెడలో గొలుసు కనపడటం లేదు కాబట్టి ముందే లాగేశారని ఇంకొకడు. నంబర్ ప్లేటు మసకగా ఉంటే చివరి రెండంకెలు 47 అని ఒకడు, కాదు 41 అని ఒకడు, ఇద్దరూ అరగంట కొట్టుకున్నారు. కిడ్నీల ముఠా అన్నారు. ఆస్తి కోసం కొడుకే చేయించాడన్నారు, పాపం ఆయన అప్పటికి న్యూవార్క్ ఎయిర్‌పోర్టులో టికెట్ కోసం తంటాలు పడుతున్నాడు. అయితే ఇవన్నీ కాసేపే. నేను చూసినంతలో ఈ డిటెక్టివ్‌ల వేలు ఎటు తిరిగినా చివరికి వాలేది ఇంట్లో జీతానికి ఉండే మనిషి మీదే. సరిగ్గా ఆ టైముకే మాత్రల కోసం ఎందుకెళ్ళింది? మాత్రలు ముందురోజు తేవచ్చు కదా? ఆమె అన్న ఆటో నడుపుతాడట, ఇంకేం, అదీ లింకు! పోలీస్ వెరిఫికేషన్ కోసం ఆ పిల్ల ఇచ్చిన ఆధార్ కార్డు కాపీ మా అసోసియేషన్ ఫైల్లో ఉంటుంది. అది ఎలా బయటకు పోయిందో ఆ దేవుడికి, మా మాజీ కమిటీ మెంబరుకి తెలియాలి. ఊరి పేరు, ఫోన్ నంబరుతో సహా గ్రూపుల్లో తిరిగింది.

ఫోన్లు మొదలయ్యాయి. బూతులు, బెదిరింపులు, మధ్యలో ఒకడు డబ్బు కూడా అడిగాడట. ఆ పిల్ల వణికిపోయి ఫోన్ స్విచ్ఛాఫ్ చేసుకుంది. వెంటనే కొత్త వీడియో: "ఫోన్ ఆఫ్! ఇంకేం రుజువు కావాలి?"

ఇక్కడ కొంచెం పక్కదారి పడతాను, ఏమీ అనుకోకండి. ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకు ఇది సరదా ఎలా అవుతుందో నాకు అర్థం కాదు. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందని వాట్సాప్‌లో పుకారు లేస్తే, చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను జనం కొట్టి చంపారు. అదే ఏడాది జూలైలో మన హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ ఒకరు స్నేహితులతో బీదర్ జిల్లాకు వెళ్ళి, దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన పాపానికి అక్కడి జనం చేతుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఆ నెలలోనే వాట్సాప్ వాళ్ళు మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయడానికి వీల్లేకుండా చేశారు. మా కాలనీలో ఒక్కొక్కరికి ఉన్న గ్రూపులు చూస్తే ఆ ఐదు ఏ మూలకు? ఐదేసి చొప్పున ఊరంతా చుట్టొస్తుంది.

చదువుకోనివాళ్ళే ఇలా చేస్తారనుకుంటే అదీ కాదు. 2013లో అమెరికాలో బోస్టన్ మారథాన్ పేలుళ్ళప్పుడు రెడిట్ అనే చర్చల వెబ్‌సైట్‌లో కూర్చున్న మేధావులు ఫొటోలన్నీ పోల్చి ఒక విద్యార్థిని బాంబు పెట్టినవాడిగా తేల్చారు. ఆ అబ్బాయి అప్పటికే కొన్ని వారాలుగా కనపడటం లేదు, ఇంట్లోవాళ్ళు వెతుక్కుంటున్నారు. తర్వాత నదిలో శవమై దొరికాడు. పేలుళ్ళతో అతనికి ఏ సంబంధమూ లేదు. రెడిట్ క్షమాపణ చెప్పింది, చెప్తే ఆ తల్లిదండ్రులకు ఏమొస్తుంది? 2023 జనవరిలో ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో ఒకామె కుక్కను తిప్పడానికి నది ఒడ్డుకు వెళ్ళి కనపడకుండా పోయింది. నదిలో పడిపోయి ఉంటుందని పోలీసులు చెప్తూనే ఉన్నారు. టిక్‌టాక్ జనానికి అది రుచించలేదు. ఫోన్లు పట్టుకుని ఆ ఊరికి దిగితే, పోలీసులు వాళ్ళను అక్కడి నుంచి పంపించడానికి ఉత్తర్వులు ఇవ్వాల్సి వచ్చింది. మూడు వారాల తర్వాత ఆమె ఆ నదిలోనే దొరికింది. ప్రమాదవశాత్తూ మునిగిపోయిందని విచారణలో తేలింది.

సరే, మా రామంతాపూర్‌కి వద్దాం. మర్నాడు పొద్దున్నే ఒక హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు. రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్న మనిషి, మాట నెమ్మది. కిరాణా షాపులో డీవీఆర్ ముందు కూర్చుని కారును చూడలేదు, టోపీ మనిషిని చూడలేదు. జేబులోంచి ఫోన్ తీసి స్క్రీన్ మూల పక్కన పట్టుకుని, "సార్, ఈ గడియారం ఎవరన్నా ఎప్పుడన్నా సరిచేసిన్రా?" అన్నాడు. ఫోన్‌లో తొమ్మిదీ ఇరవై. స్క్రీన్ మీద ఎనిమిదీ నలభై. నలభై నిమిషాలు వెనక! కెమెరాలు బిగించే కుర్రాళ్ళు టైము పెట్టి పోతారు, తర్వాత ఏళ్ళ తరబడి దాని మొహం చూసే దిక్కుండదు. మీ ఇంట్లోది కూడా ఇప్పుడే వెళ్ళి చూడండి, తప్పే ఉంటుంది, పందెం.

అంటే కారు వచ్చింది మూడూ పదికి కాదు, మూడూ యాభైకి. అప్పటికే మేమంతా టెర్రస్ మీద వెతుకుతున్నాం. పక్క అపార్ట్‌మెంట్‌లో వాకబు చేస్తే తేలింది: అక్కడొక పెద్దావిడను డయాలసిస్‌కు తీసుకెళ్ళడానికి అల్లుడు వారానికి మూడుసార్లు కారు తెస్తాడు. టోపీ ఆయనదే. నడవలేని అత్తగారి రెక్క పట్టుకుని ఎక్కించడమే ఆయన చేసిన కిడ్నాప్! అప్పటికి ఆ వీడియోను ఎన్ని వేల మంది చూశారో, ఆయనకేమో ఇంకా తెలియనే తెలియదు.

హెడ్ కానిస్టేబుల్ వీడియోను వెనక్కి తిప్పాడు. కారు దొరికాక మా వాళ్ళెవరూ వెనక్కి తిప్పలేదు మరి. స్క్రీన్ మీద రెండున్నర అయ్యేసరికి నానమ్మ కనపడింది. ఒక్కతే. చేతిలో గుడ్డ సంచి, కాళ్ళకు ఆ అమ్మాయి హవాయి చెప్పులు. మెయిన్ రోడ్డు వైపు నడుస్తోంది, వెళ్ళే చోటు బాగా తెలిసిన మనిషిలాగా.

ఎక్కడికి? దానికి జవాబు తెలిసిన మనిషి ఒక్కరే, ఆ పిల్ల. రాత్రంతా మా వాళ్ళంతా ఆమె గురించి మాట్లాడారు గానీ ఆమెతో ఒక్కరూ మాట్లాడలేదు. హెడ్ కానిస్టేబుల్ టీ తెప్పించాడు. ఆమె తాగేదాకా ఆగాడు. "నానమ్మ ఈ మధ్య ఏమన్నా అనేదా బిడ్డా?" అని అడిగాడు.

"వారం సంది కొలనుపాకకు పోదాం, అమ్మ ఎదురుచూస్తది అంటుండె సార్. పొద్దుగూకుతుంటే సంచి సదురుకునేది. అన్నం తిని పోదామని చెప్పి మరిపిస్తుంటి."

మతిమరుపు వచ్చినవాళ్ళలో ఇది మామూలేనట. సాయంత్రమయ్యేసరికి ఇంటికెళ్తానంటారు, ఉన్నది ఇంట్లోనే అని చెప్తే వినరు. వాళ్ళకు ఇల్లంటే చిన్నప్పటి ఇల్లు. నానమ్మ పుట్టిల్లు కొలనుపాక పక్కన, ఆలేరు దగ్గర. ఉప్పల్ నుంచి హన్మకొండ రోడ్డు మీదే. హెడ్ కానిస్టేబుల్ ఆలేరుకు ఫోన్ చేశాడు. మధ్యాహ్నం కాకముందే కబురొచ్చింది. బస్టాండు దగ్గర పూలు అమ్మే ఆవిడ చీకటిపడ్డాక ఒంటరిగా కూర్చున్న నానమ్మను తన ఇంటికి తీసుకెళ్ళి, అన్నం పెట్టి పడుకోబెట్టింది. పొద్దున్నే పోలీసులకు చెప్పింది. ఆవిడకు ఇన్‌స్టాగ్రామ్ లేదు.

2023 డిసెంబర్ నుంచి మన దగ్గర ఆడవాళ్ళకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం కదా, చేతిలో డబ్బు లేకపోయినా నానమ్మకు ఇబ్బంది రాలేదు. ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంది. తర్వాత అడిగితే కండక్టరమ్మకు బాగా గుర్తుంది. ఎక్కడికమ్మా అంటే "ఆలేరు, అమ్మోళ్ళింటికి" అందట. ఆ వయసు మనిషి అమ్మోళ్ళిల్లు అనేసరికి నవ్వొచ్చిందట ఆమెకు.

యూట్యూబ్ వాళ్ళు ఏం చేశారంటారా? "షాకింగ్ ట్విస్ట్" అని ఇంకో వీడియో పెట్టి దాంతోనూ వ్యూస్ సంపాదించుకున్నారు. ట్రెజరర్ గారు తన మెసేజ్ డిలీట్ చేసి, ఏమీ ఎరగనట్టు గుడ్ మార్నింగ్ పువ్వులు పంపడం మొదలుపెట్టారు. ఆ పిల్ల అన్న వచ్చి తీసుకెళ్ళిపోయాడు. కూతురు కాళ్ళావేళ్ళా పడినా ఆగలేదు, ఆగమని ఎవరం చెప్పగలం? తర్వాత ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్ళు ఒక్కరూ నిలవలేదు. ఆ ఏజెన్సీల గురించి ఇంకో ప్రశ్న అడగండి, గంటసేపు తిడతాను. నెలకు ఇరవై వేలు పైన తీసుకుంటారు, మనిషికి ఎంత ఇస్తారో చెప్పరు.

కాబట్టి మీ ప్రశ్నలోని కేసు నాకు తెలియకపోయినా ఇంతవరకు చెప్పగలను. ఫోన్ ఏ టవర్ దగ్గర ఉందో, ఎవరికి కాల్ వెళ్ళిందో చట్టప్రకారం తీసుకోగలిగేది పోలీసులే. జూమ్ చేసే కుర్రాడి దగ్గర ఉండేది మసక బొమ్మ, బోలెడు తీరిక. నిజంగానే ఎత్తుకెళ్ళిన కేసైతే మరీ ప్రమాదం. పోలీసులు దేన్ని పట్టుకుని వెతుకుతున్నారో ఎత్తుకెళ్ళినవాడు కూడా ఆ వీడియోల కింద కూర్చుని చదువుకుంటాడు.

మీ ఇంట్లోనే ఇలాంటిది జరిగితే 112కి ఫోన్ చేయండి. మా పరిధి కాదు అని స్టేషన్‌లో అంటే జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసుకునే కేసు) అడగండి, 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలో అది రాసే ఉంది. పెద్దవాళ్ళ కోసం 14567 అనే హెల్ప్‌లైన్ కూడా ఉంది. ఫొటో పంపేటప్పుడు చీర రంగు, చెప్పులు, పుట్టిన ఊరు రాయండి. పనిమనిషి పేరు రాయకండి. మీ వీధి కెమెరాలో ఏదైనా పడిందనుకుంటే దాన్ని గ్రూపులో పెట్టకుండా స్టేషన్‌లో ఇవ్వండి, అది కూడా ఆలస్యం చేయకుండా. డిస్క్ నిండితే డీవీఆర్ పాతవాటి మీదే కొత్తవి రాసేసుకుంటుంది. ఇచ్చేటప్పుడు గడియారం ఎంత తేడా ఉందో ఒక కాగితం మీద రాసి దానికి జత చేయండి.