కొత్తగా కత్తి పట్టబోయే కిట్టూకి

ఒరేయ్ కిట్టూ,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసి, "వీడు టోక్యో వెళ్ళి బుద్ధిగా ఉద్యోగం చేసుకోకుండా కత్తిసాము నేర్చుకుంటానంటున్నాడు, నువ్వే ఎక్కించి ఉంటావు" అని నన్ను నాలుగు మాటలంది. నేనేమీ ఎక్కించలేదు గానీ, నువ్వు అడిగావు కాబట్టి చెప్తాను. ఇక్కడ క్యోటో పక్కన ఉంటూ జుట్టు నెరిసేదాకా ఈ సాధనలోనే ఉన్నదాన్ని. వాట్సాప్‌లో ముక్కలుముక్కలుగా చెప్తే నీకు నచ్చిన ముక్క ఒకటి పట్టుకుని మిగతాది గాలికొదిలేస్తావని ఇలా కూర్చుని రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందు నీకేం కావాలో తేల్చుకో. కెండో వేరు, ఇయాయ్‌డో వేరు. కెండోలో ఎదురుగా మనిషి ఉంటాడు, ఇద్దరికీ కవచాలు, చేతిలో నాలుగు వెదురు బద్దలు కలిపి కట్టిన షినాయ్, గొంతు చించుకుని అరుస్తూ కొట్టాలి. తల, ముంజేయి, డొక్క, గొంతు, ఈ నాలుగు చోట్ల పడితేనే దెబ్బ లెక్క. ఇయాయ్‌డోలో ఎదురుగా ఎవ్వరూ ఉండరు. లేని శత్రువుని ఉన్నాడనుకుని ఒరలోంచి కత్తి దూయడం, నరకడం, నెత్తురు విదిల్చినట్టు విదిలించడం, మళ్ళీ ఒరలో పెట్టడం. చూసేవాడికి ఇందులో ఏముంది అనిపిస్తుంది. నన్నడిగితే నీ వయసుకి కెండో, నీ తొందర బుద్ధికి ఇయాయ్‌డో. రెండూ చేసేవాళ్ళు ఇక్కడ బోలెడుమంది ఉన్నారు, కాబట్టి మొదట ఏదో ఒకటి పట్టుకో, ఒక ఏడాది అయ్యాక రెండోదాని సంగతి చూసుకోవచ్చు. కటోరి షింటో ర్యూ లాంటి పాత సంప్రదాయాలు కూడా ఉన్నాయి, అందులో చేరేవాళ్ళు వేలి రక్తంతో ప్రమాణపత్రం మీద ముద్ర వేస్తారు, ఆ మాట వినగానే నీకు అదే కావాలనిపిస్తుందని నాకు తెలుసు, కానీ ఇప్పుడే వద్దు.

ఇంకో మాట. దసరాకి అమలాపురంలో చెడీ తాలింఖానా కత్తి విన్యాసాలు చూస్తూ పెరిగినవాడివి, కత్తి అనగానే నీ బుర్రలో జనం, డప్పులు, ఈలలు ఉంటాయి. మన ఊరిదాన్ని తక్కువ చేసి మాట్లాడటం లేదు, దానికుండే తెగువ దానిది. ఇక్కడ మాత్రం చప్పట్లు ఉండవు. కెండో పోటీలో దెబ్బ సరిగ్గా పడి, ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు జెండా ఎత్తి పాయింటు ఇచ్చాక కూడా, గెలిచానని పిడికిలి ఎత్తి గంతులేస్తే ఆ పాయింటు వెనక్కి తీసేసుకుంటారు. కొట్టిన తర్వాత కూడా ఎదుటివాడి మీద ధ్యాస తప్పకూడదు, దాన్ని జన్‌షిన్ అంటారు, అది లేకపోతే దెబ్బ పడ్డా పడనట్టే. క్రికెట్లో వికెట్ పడగానే పిచ్ మీద పరుగులు తీసే మనవాళ్ళని చూసి పెరిగిన మనకి ఇది వంటబట్టడానికి టైం పడుతుంది.

సమురాయ్ కలలు కూడా కాస్త తగ్గించుకో. 1876లో, సమురాయ్‌ల పాలన పోయాక వచ్చిన మెయిజీ ప్రభుత్వం పోలీసులకీ సైనికులకీ తప్ప మిగతావాళ్ళకి నడుముకి కత్తి పెట్టుకోవడమే నిషేధించింది. అంతకు మూడేళ్ళ ముందే, 1873లో, సకాకిబారా కెంకిచి అనే పేరుమోసిన ఖడ్గవీరుడు, పని పోయిన తోటి కత్తివీరులకి కూడు దొరకాలని టోక్యోలో టికెట్లు పెట్టి కత్తిసాము ప్రదర్శనలు ఆడించాడు. తర్వాత పోలీసులు దీన్ని చేరదీశారు, బళ్ళలోకి వచ్చింది, రెండో ప్రపంచయుద్ధంలో ఓడిపోయాక బళ్ళలో ఆపేయించారు, మళ్ళీ 1952లో అఖిల జపాన్ కెండో సమాఖ్య ఏర్పడ్డాక నిలదొక్కుకుంది. ఇప్పుడందరూ నేర్చుకునే ఇయాయ్ కతాలు, అంటే వరస తప్పకుండా చేసే కదలికల క్రమాలు, ఆ సమాఖ్య కూర్చినవే, 1969లో ఏడు, 1980లో ఇంకో మూడు, 2000లో మరో రెండు, మొత్తం పన్నెండు. వాటి వెనక ఉన్న పాత సంప్రదాయాలకి నాలుగు వందల ఏళ్ళ పైచిలుకు చరిత్ర ఉందనుకో. అయినా నీకు నేర్పే గురువుగానీ, ఆయన గురువుగానీ కత్తితో ఎవరినీ నరికినవాళ్ళు కారు. కాబట్టి "నిజంగా కొట్లాటలో ఇది పనికొస్తుందా" అని డోజోలో, అంటే సాధన చేసే హాల్లో, అడక్కు. కొత్తగా చేరిన ప్రతి కుర్రాడూ అడుగుతాడు, సెన్సే, అంటే గురువు, నవ్వి ఊరుకుంటారు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. కత్తి దూయడం ఎలాగని అందరూ అడుగుతారు, తిరిగి పెట్టడం ఎవరూ అడగరు. నా మాట నమ్ము, పెట్టడమే కష్టం. ఎడమచేత్తో ఒర మూతి పట్టుకుంటావు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిన్న సందు వదిలి. కత్తి వీపుని, అంటే పదును లేని వైపుని, పిడికి దగ్గరగా ఆ సందులో ఆనించి కుడిచేతిని ముందుకి, పక్కకి లాగుతూ పోతావు. అదే సమయంలో ఎడమచేయి ఒరతో సహా వెనక్కి జరుగుతుంది. కత్తి కొస వచ్చి మూతిలో పడుతుంది. అక్కణ్ణించి నెమ్మదిగా లోపలికి. ఇదంతా కిందికి చూడకుండా జరగాలి, చూపు ఎదురుగా పడి ఉన్నాడనుకునే ఆ మనిషి మీదే ఉండాలి. కుడిచేత్తో తోసెయ్యాలని ప్రతివాడికీ ఉంటుంది, ఎడమచేయి సోమరిగా ఉండిపోతుంది, ఒర కదలదు, కొస దారి తప్పుతుంది. పదునున్న కత్తి పట్టేవాళ్ళకి గాయాలు ఎక్కువగా అయ్యేది ఆ ఎడమచేతికే. యూట్యూబ్‌లో చూపించినట్టు టక్కున పెట్టేద్దామని చూడకు. వేగం దానంతటదే వస్తుంది, కొన్నేళ్ళకి.

మా సెన్సేకి ఎనభై దాటాయి. క్లాసు మొత్తంలో ఒక్కొక్కరికి ఒక్క మాటే చెప్తారు. "ఎడమ మోచెయ్యి." అంతే, ముందుకి వెళ్ళిపోతారు. మళ్ళీ వారం వస్తారు, చూస్తారు, ఇంకా అదే మాట. సంగీతం టీచరు సరళీస్వరాలు దాటనివ్వకపోతే పిల్లలు ఎలా గింజుకుంటారో మేమూ అలాగే గింజుకున్నాం. కానీ ఆ మోచెయ్యి ఒక రోజు దారిలోకి వచ్చినప్పుడు, కోత తనంతట తనే పడుతుంది రా. భుజానికి బరువు తెలియదు. ఎడమ చిటికెన వేలు ఒక్కటే బిగుసుకుని ఉంటుంది. నన్ను ఇన్నేళ్ళు ఇందులో కట్టిపడేసింది అదే, ఇంతకంటే గొప్పగా చెప్పడం నాకు చేతకాదు. మర్నాడు వెళ్తే అది ఉండదు, మళ్ళీ మొదటికొస్తుంది, అది వేరే సంగతి. ఈ విసుగు పుట్టించే భాగం నీకు ఇష్టమవుతుందో లేదో మొదటి ఆర్నెల్లలోనే తెలిసిపోతుంది. ఇష్టం కాకపోతే మానెయ్, నామోషీ ఏం లేదు, బాడ్మింటన్ ఆడుకో.

నువ్వు ఎడమచేతివాటం కదా, దాని గురించి టెన్షన్ పడకు. ఇక్కడ ఎడమచేతివాటానికి వేరే పద్ధతి లేదు, అందరూ కత్తి ఎడమ నడుముకే పెట్టుకుంటారు, కుడిచేత్తోనే దూస్తారు. అయితే రెండు చేతులతో పట్టుకున్నప్పుడు పని చెయ్యాల్సింది కింద ఉండే ఎడమచేయి. కుడిచేతివాటం వాళ్ళు పైనున్న కుడిచేత్తో లాగి కొట్టి ఏళ్ళ తరబడి తిట్లు తింటారు. నీకు ఆ బాధ కొంత తక్కువే ఉండొచ్చు.

కొనే విషయం. మొదటి నెలలో ఏమీ కొనకు. వినబడిందా, ఏమీ. అసకుసాలోనో అకిహబారాలోనో టూరిస్టుల కోసం గోడకి వేలాడదీసి అమ్మే కత్తులు పొరపాటున కూడా కొనకు, పిడి లోపల ఏముంటుందో దేవుడికే తెలియాలి, ఊపితే ఊడి ఎవరికైనా తగులుతుంది. ఇయాయ్‌డో అయితే ముందు చెక్క కత్తితో మొదలుపెట్టు, ప్లాస్టిక్ ఒరతో కూడా దొరుకుతుంది. ఈ చెక్క కత్తుల్లో చాలావరకు మియాజాకి జిల్లా మియాకోనోజోలో తయారవుతాయి. తర్వాత ఇయాయ్‌టో, అంటే పదును లేని మిశ్రమలోహపు కత్తి, అది కూడా సెన్సేని అడిగి, నీ ఎత్తు చెప్పి ఆర్డర్ పెట్టుకో. మీ నాన్న ఎత్తే వచ్చింది నీకు, కాబట్టి ఇక్కడి పాత కొలతల్లో 2 షాకు 4 సున్ 5 బు, అంటే 74 సెంటీమీటర్ల అలుగు సరిపోవచ్చు, అయినా చెయ్యి పొడవు బట్టి మారుతుంది. అలుగుకి గాడి ఉన్నది తీసుకుంటే ఊపినప్పుడు సుయ్‌మని చప్పుడొస్తుంది, కొత్తవాళ్ళు దానికి మురిసిపోతారు, కొంచెం వంకరగా ఊపినా ఆ చప్పుడు వస్తూనే ఉంటుందని తెలుసుకునేదాకా.

అసలు కత్తి, పదునున్నది, దానికి ఇక్కడ రిజిస్ట్రేషన్ కాగితం ఉంటుంది. ఆ కాగితం కత్తితోనే ఉండాలి, చేతులు మారితే 20 రోజుల్లోపు ఆ కాగితం ఇచ్చిన విద్యాబోర్డుకి తెలియజెయ్యాలి. నీకు ఆ అవసరం రావడానికి చాలా ఏళ్ళుంది, ఊరికే చెప్తున్నా. ఇయాయ్‌టోకి ఆ కాగితం అక్కర్లేదు గానీ, రైల్లో తీసుకెళ్ళేటప్పుడు సంచిలో పెట్టి జిప్ వెయ్యాలి. పార్కులో తీసి ఊపావంటే ఎవరో ఒకరు పోలీసులకి ఫోన్ చేస్తారు, వాళ్ళ తప్పు కూడా కాదు. అపార్ట్‌మెంట్‌లో అసలే వద్దు. నీ గది పైకప్పు ఎంత ఎత్తుందో నాకు తెలుసు, లైటు పగిలితే ఆ డబ్బు డిపాజిట్‌లోంచే పోతుంది.

ప్రతిసారీ మొదలుపెట్టే ముందు రెండు చూసుకో. కత్తి అయితే పిడిలో అలుగుని పట్టి ఉంచే చిన్న వెదురు మేకు, దాన్ని మెకుగి అంటారు, వదులైందా లేదా అని బొటనవేలితో నొక్కి చూడు. ఆ మేకు విరిగితే అలుగు ఎగిరిపోతుంది. షినాయ్ అయితే బద్దల అంచుల్లో పీచు లేచిందేమో వేలితో తడిమి చూడు. ఆ పీచు ముఖానికి పెట్టుకున్న కవచం ఊచల్లోంచి దూరి కంట్లో పడుతుంది. దీన్ని బద్ధకించేవాళ్ళతో నేను జట్టు కట్టను, ఎంత పెద్ద డాన్, అంటే పరీక్ష పాసై తెచ్చుకునే స్థాయి, ఉన్నా సరే.

ఒంటి సంగతి కూడా చెప్పాలి. ఇయాయ్‌డోలో మోకాళ్ళ మీద కూర్చుని లేవడం ఎక్కువ, హకామా, అంటే నడుము నుంచి కట్టుకునే వదులు కుచ్చిళ్ళ బట్ట, దాని కింద మోకాలి ప్యాడ్లు వేసుకోవడం సిగ్గుపడాల్సిన పని కాదు. కెండోలో ఎడమకాలి మడమ వెనక నరం, అఖిలీస్ టెండన్, తెగేవాళ్ళు ఉంటారు, ముఖ్యంగా ఆఫీసులో రోజంతా కూర్చుని సాయంత్రం వార్మప్ లేకుండా దూకేవాళ్ళు. నువ్వు సరిగ్గా ఆ బాపతే. జనవరిలో ఒట్టి కాళ్ళతో చెక్క నేల మీద నిలబడితే ఐసు మీద నిలబడ్డట్టే ఉంటుంది, ఆగస్టులో కవచంలో ఉడికిపోతావు. నీళ్ళు తాగడానికి మొహమాటపడకు.

మర్యాదలు చూసి నేర్చుకుంటావు, రాయడం దండగ. రెండే చెప్తా. ఇంకొకళ్ళ కత్తిని అడక్కుండా ముట్టుకోకు, కింద పెట్టిన కత్తిని దాటకు. ఇక నేల తుడవడం ఉంటుంది, తడిగుడ్డ పట్టుకుని వంగి ఆ చివర నుంచి ఈ చివరికి పరుగెత్తడం, అది పనివాళ్ళ పని అనే మన అలవాటు నీకు కూడా కొంచెం ఉంది, దాన్ని గుమ్మం బయటే చెప్పులతో పాటు వదిలెయ్.

డాన్ పరీక్షల గురించి ఇప్పుడే ఆలోచించకు. ఇయాయ్‌డోలో ఆరు నిమిషాల్లో ఐదు కతాలు చేసి చూపించాలి, అది ఎప్పుడు వెళ్ళాలో సెన్సే చెప్తారు. ఎనిమిదో డాన్ ఒకటుంది, కెండోలో. దానికి వయసు 46 నిండాలి, ఏడోది వచ్చి పదేళ్ళు కావాలి, అన్నీ ఉండి వెళ్ళినా పాసయ్యేది నూటికి ఒకరో, ఒక్కోసారి ఆ ఒక్కరు కూడా కాదో. డెబ్బై దాటినవాళ్ళు కూడా మళ్ళీ మళ్ళీ వచ్చి ఫెయిలై, కవచం మూట కట్టుకుని వెళ్ళిపోతారు, మళ్ళీ వస్తారు. మే మొదట్లో నీకు ఎలాగూ సెలవులే, క్యోటో రా. ఇక్కడ 1899లో కట్టిన బుటోకుడెన్ అనే చెక్క హాలుంది, ఆ మే సెలవుల్లో దేశం నలుమూలల నుంచీ పెద్దపెద్దవాళ్ళు వచ్చి ఆడతారు. ఇద్దరు ముసలివాళ్ళు కత్తి కొసలు తాకిస్తూ, అంగుళం కూడా కదలకుండా, నిమిషాల తరబడి నిలబడటం అక్కడ చూపిస్తాను. నీకు బోరు కొడుతుందో, ఊపిరి బిగపట్టుకుంటావో చూద్దాం.

సరే, ఇప్పుడు చెయ్యాల్సింది ఇది. మీ వార్డు స్పోర్ట్స్ సెంటర్‌కి ఫోన్ చేసి కెండో, ఇయాయ్‌డో క్లబ్బులు ఏ రోజుల్లో ఉంటాయో కనుక్కో, అక్కడ ఫీజులు తక్కువే ఉంటాయి, పెద్ద పేరున్న చోటుకి పరిగెత్తక్కర్లేదు. చేరతానని చెప్పకు, చూడటానికి వస్తానని అడుగు. పది నిమిషాలు ముందు వెళ్ళు, గోళ్ళు కత్తిరించుకుని వెళ్ళు, ఫోన్ జేబులోంచి తియ్యకు. సెన్సే ఎంత బాగా చేస్తున్నారో చూడకు, అది నీకు ఎలాగూ తెలియదు. అందరికంటే వెనకబడ్డవాడితో ఎలా మాట్లాడుతున్నారో చూడు. ముసలివాళ్ళూ ఆడవాళ్ళూ పిల్లలూ కలిసి ఉంటే మంచి చోటే అనుకోవచ్చు. కుర్రాళ్ళు మాత్రమే ఉండి, ఒకళ్ళనొకళ్ళు గట్టిగా బాదుకుంటూ ఉంటే ఇంకో క్లబ్బు వెతుక్కో.

చూసొచ్చాక ఫోన్ చెయ్యి. రాత్రి తొమ్మిది దాటాక అయితే తీరిగ్గా మాట్లాడతాను, మంగళవారం మాత్రం వద్దు, ఆ రోజు నాకు ప్రాక్టీసు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ