ఓడ ప్రమాదాలన్నీ 'మనిషి పొరపాటే'నా? బొగ్గు ఓడల్లో పనిచేసినవాడిగా నా జవాబు

మీ తమ్ముడు డెక్ కేడెట్‌గా, అంటే ఓడ నడిపే ఆఫీసర్ల దగ్గర శిక్షణకి, చేరబోతున్నాడు, ఓడ ప్రమాదాలు ఎక్కువగా మనుషుల పొరపాట్ల వల్లేనని చదివి మీకు టెన్షన్ పట్టుకుంది, దీని మీద జరిగే పరిశోధనలు ఓడలో ఉన్నవాళ్లకి పనికొస్తాయా అని అడిగారు. పనికొస్తాయండీ. కాకపోతే 'పొరపాటు' దగ్గరే ఆగిపోకుండా, ఆ మనిషి ముందురోజు ఎంతసేపు పడుకున్నాడో కూడా అడిగినప్పుడే.

మాది నెల్లూరు జిల్లా, ముత్తుకూరు పక్కన పల్లె. పదకొండేళ్లు బొగ్గు ఓడల్లో చేశాను, చివర్లో సెకండ్ ఆఫీసర్‌ని. ఒకసారి ఇండోనేషియా నుంచి బొగ్గు వేసుకుని మా కృష్ణపట్నానికే వస్తున్నాం. నా వాచ్, అంటే ఓడ నడక చూసుకునే డ్యూటీ, రాత్రి 12 నుంచి 4, మళ్లీ పగలు 12 నుంచి 4. మధ్యలో బోలెడు టైముంది కదా అనుకుంటారు, కానీ చార్టులు సరిచేయడం, పోర్టుకి పంపాల్సిన కాగితాలు, డ్రిల్లు, అన్నీ ఆ ఖాళీలోనే పడతాయి. ఆ రోజు మొత్తం మీద నేను కళ్లు మూసింది మూడు గంటలు.

రెండు దాటింది. రాడార్ ముందు నిలబడే ఉన్నాను, మెలకువగానే ఉన్నాననుకుంటున్నాను. ఉన్నట్టుండి మోకాళ్లు మడతపడి నుదురు రాడార్ అంచుకి కొట్టుకుంది, అదే క్షణంలో లుకౌట్‌లో, అంటే సముద్రాన్ని కనిపెట్టి చూసే డ్యూటీలో ఉన్న కుర్రాడు "సార్, లైటు, ముందర లైటు!" అని అరిచాడు. ఎడమ పక్కన నీళ్ల మీద చిన్న పసుపు దీపం, వేటకొచ్చిన ఫైబర్ బోటు. కుడికి తిప్పించాను. బోటు మా పక్క నుంచే వెనక్కి పోయింది, అందులో ఒకాయన లేచి నిలబడి టార్చి ఊపుతూనే ఉన్నాడు. మైపాడు వాళ్లో, ఇంకే ఊరి వాళ్లో, మన వాళ్లే.

బ్రిడ్జిలో, అంటే ఓడ నడిపే గదిలో, మనిషి కదలకపోతే మోగే అలారం ఒకటుంటుంది. దాన్ని 3 నుంచి 12 నిమిషాల మధ్య ఎంతకైనా పెట్టుకోవచ్చు. మాది 12కి పెట్టి ఉంది. మా వేగం 12 నాట్లు (గంటకి సుమారు 22 కిలోమీటర్లు), అంటే అది మోగేలోపు ఓడ దాదాపు నాలుగున్నర కిలోమీటర్లు పోతుంది.

తెల్లారాక రెస్ట్ అవర్స్ షీట్‌లో, అంటే ఎన్ని గంటలు విశ్రాంతి తీసుకున్నామో రాసే కాగితంలో, పది గంటలు రాశాను. రూలు ప్రకారం 24 గంటల్లో కనీసం 10, వారంలో 77 గంటల విశ్రాంతి ఉండాలి, దాన్ని రెండు ముక్కలకి మించి చేయకూడదు, అందులో ఒకటి 6 గంటలకి తగ్గకూడదు. తక్కువ రాస్తే కంప్యూటర్‌లో గడి ఎర్రగా మారుతుంది, ఆఫీసు నుంచి మెయిల్ వస్తుంది. చీఫ్ ఆఫీసర్ "సరిచేసెయ్" అన్నాడు, సరిచేశాను.

ఇదేదో మా ఒక్క ఓడలో జరిగిన సంగతి కాదు. 2020లో వరల్డ్ మారిటైమ్ యూనివర్సిటీ పరిశోధకులు ఈ దొంగ రాతల మీదే నివేదిక ఇచ్చారు, దానికి 'సర్దుబాటు సంస్కృతి' అనే అర్థం వచ్చే పేరే పెట్టారు. 2010 ఏప్రిల్ 3న షెన్ నెంగ్ 1 అనే బొగ్గు ఓడ ఆస్ట్రేలియాలో గ్రేట్ బ్యారియర్ రీఫ్ మీదికి ఎక్కేసింది. వాచ్‌లో ఉన్న చీఫ్ ఆఫీసర్ అంతకు ముందు 38 గంటలకు పైగా సమయంలో పడుకున్నది సుమారు రెండున్నర గంటలేనని అక్కడి విచారణలో తేలింది. అది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. 1987లో హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ప్రయాణికుల ఓడ మునిగి 193 మంది చనిపోయినప్పుడు కూడా, ఓడ ముందు భాగంలోని తలుపులు వేయాల్సిన మనిషి నిద్రలో ఉన్నాడు. విచారణ మాత్రం అతని దగ్గర ఆగలేదు, కంపెనీ పైవాళ్ల దాకా పోయింది. ఈ రోజు కంపెనీల మీద భద్రత బాధ్యత పెట్టే ఐఎస్ఎం కోడ్ వచ్చిందంటే దాని వెనక ఆ ప్రమాదం ఉంది.

అందుకే మీ తమ్ముడికి నేను చెప్పేది, ఓడ ఎక్కే ముందు వాచ్ చేసే ఆఫీసర్లు ఎంతమందో కనుక్కోమనండి, ఇద్దరే అయితే ఆరు గంటలు పని, ఆరు గంటలు విశ్రాంతి, అలా నెలల తరబడి చేయడం చాలా కష్టం. షీట్‌లో నిజం రాయమనండి. మొదట్లో తిట్లు పడతాయి, అయినా రాయమనండి. మనం పది గంటలని రాస్తే పరిశోధకుడి లెక్కలోనూ పది గంటలే పడుతుంది.

ఆ రాత్రి సంగతికి నేను నియర్ మిస్ రిపోర్టు, అంటే కొద్దిలో తప్పిన ప్రమాదం గురించి ఇచ్చే రిపోర్టు, కూడా పెట్టలేదు. ఆ లుకౌట్ కుర్రాడికీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు, రాతలో పెట్టడం ఇదే మొదలు.