ఓపెన్ స్టాండర్డ్ అన్నారు, మరి రాయల్టీ ఎందుకు?

ప్రశ్న: చర్లపల్లి పారిశ్రామికవాడలో మాది చిన్న యూనిట్. లారీలకు బిగించే ట్రాకర్లు చేస్తాం. లోపలి 4జీ మాడ్యూల్ మాత్రం బయట కొంటాం. 4జీ పేటెంట్లు తమవని, పీసుకింత రాయల్టీ కట్టాలని ఒక విదేశీ కంపెనీ ఉత్తరం పంపింది. 4జీ ఓపెన్ స్టాండర్డ్ (అందరికీ తెరిచి ఉంచిన సాంకేతిక ప్రమాణం) కదా, పట్టించుకోవద్దని తెలిసినవాళ్లు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: పక్కన పడేయకండి. అలాగని వాళ్లు పంపిన ఒప్పందం మీద సంతకమూ పెట్టకండి.

4జీ ఎలా పనిచేయాలో చెప్పే స్పెసిఫికేషన్లను, వాటిని తయారుచేసే అంతర్జాతీయ వేదిక 3జీపీపీ సైటు నుంచి ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఓపెన్ అన్నది అంతవరకే. చదవడం ఉచితం, చేసి అమ్మడం కాదు. ఆ స్పెసిఫికేషన్ పాటించే పరికరం ఏదైనా కొన్ని పేటెంట్లను తాకక తప్పదు. అందుకే వాటి యజమానులు ఐరోపాకు చెందిన ఎట్సీ వంటి టెలికాం ప్రమాణాల సంస్థలకు ముందే హామీ రాసిస్తారు: అడిగినవారికి న్యాయమైన, సబబైన, వివక్ష లేని షరతులతో లైసెన్స్ ఇస్తామని. ఫ్రాండ్ అనేది ఈ హామీనే. బేరంలో మీకున్న పట్టు అదే.

ముందు రాతపూర్వకంగా జవాబివ్వండి. ఫ్రాండ్ షరతులతో లైసెన్స్ తీసుకోవడానికి సిద్ధమేనని, పేటెంట్ చెల్లుబాటును ప్రశ్నించే హక్కు మాత్రం వదులుకోవడం లేదని స్పష్టంగా రాయాలి. మౌనంగా ఉంటే లైసెన్స్ ఇష్టం లేనివారిగా కోర్టు లెక్కగట్టవచ్చు. నోకియా, ఒప్పో వివాదంలో ఢిల్లీ హైకోర్టు 2023లో విచారణ పూర్తికాకముందే ఫోన్లు చేసే ఒప్పోను డిపాజిట్ కట్టమంది.

అదే జవాబులో మూడు అడగండి. ఒకటి, భారతీయ పేటెంట్ నంబర్లు. ఇక్కడ మంజూరైన పేటెంటే ఇక్కడ చెల్లుతుంది. అమెరికా నంబర్ల జాబితా మీ చర్లపల్లి అమ్మకాలకు పనికిరాదు, ఎగుమతి ఉంటే తప్ప. రెండు, క్లెయిమ్ చార్ట్. పేటెంట్ క్లెయిమ్‌లోని (హక్కు దేనిమీదో చెప్పే వాక్యంలోని) ఒక్కో అంశం 4జీ స్పెసిఫికేషన్‌లో ఏ క్లాజులో ఉందో పక్కపక్కన చూపే పట్టిక అది. ఇవ్వడానికి గోప్యత ఒప్పందం అడుగుతారు. చేసుకోండి, కానీ మీ లాయరుకూ మాడ్యూల్ సరఫరాదారుకూ చూపే వీలు అందులో రాయించుకోండి. మూడు, మీలాంటి పరికరాలకు ఇతరులకిచ్చిన లైసెన్సుల రేట్లు. బేరమంతా చివరికి వీటి మీదే నడుస్తుంది.

నంబర్లు రాగానే పేటెంట్ ఆఫీసు వారి ఆన్‌లైన్ డేటాబేస్ ఇన్‌పాస్‌లో వెతకండి, అది ఉచితం. రెన్యువల్ ఫీజు కట్టకపోతే పేటెంట్ రద్దయిపోతుంది. దాఖలైన తేదీ నుంచి 20 ఏళ్లకు ఎలాగూ ముగుస్తుంది. 4జీ తొలి విడుదల 2008 చివర్లో ఖరారైంది కాబట్టి, అప్పటి పేటెంట్లు గడువు చివరికి వస్తున్నాయి. ఎట్సీ డేటాబేస్‌లో పేరున్నంత మాత్రాన ఆ పేటెంట్ 4జీకి నిజంగా తప్పనిసరిదేనని కాదు. అది కంపెనీలు తమంతట తాము ప్రకటించుకున్న జాబితా. ఎట్సీ తనిఖీ చేయదు.

తర్వాత మాడ్యూల్ బిల్లు, దానితో వచ్చిన షరతులు తీయండి. చిప్ లేదా మాడ్యూల్ కంపెనీకి అప్పటికే లైసెన్స్ ఉంటే, అదే సరుకు మీద మళ్లీ మీ దగ్గర వసూలు చేయడం కుదరదని వాదించవచ్చు. కానీ చాలా సరఫరాదారులు స్టాండర్డ్ పేటెంట్లకు తమ బాధ్యత లేదని చిన్న అక్షరాల్లో రాసేస్తారు. చిన్న యూనిట్లు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. తర్వాతి ఆర్డరు ఇచ్చేముందే ఆ వాక్యం మీద బేరమాడండి.

ఇక లెక్క. ట్రాకర్ ధర 5,000, మాడ్యూల్ ధర 1,200 అనుకుందాం. ఆరుగురు పేటెంట్ యజమానులు తలా 2 శాతం అడిగితే, ట్రాకర్ ధర మీద పీసుకు 600 రూపాయలు, మాడ్యూల్ ధర మీదైతే 144. తేడా చూశారుగా! మాడ్యూల్ ధర మీదే కట్టాలన్నది మా దృష్టిలో న్యాయం, ఎందుకంటే మీ జీపీఎస్‌లో, బ్యాటరీలో, డబ్బాలో వాళ్ల కష్టమేమీ లేదు. అయితే పేటెంట్ యజమాని ఎరిక్సన్, ఫోన్ల కంపెనీ లావా మధ్య కేసులో ఢిల్లీ హైకోర్టు 2024లో చిప్ ధర వాదనను ఒప్పుకోలేదు. ఫోను ధర మీదే లెక్కగట్టి 244 కోట్ల రూపాయలు చెల్లించాలంది. కాబట్టి ఆ ఒక్క వాదననే నమ్ముకోకండి. శాతం కాకుండా పీసుకింత అని స్థిరమైన మొత్తం అడగండి. మీది తక్కువ వేగపు 4జీ రకం (క్యాట్-1) అయితే, ఆ మాడ్యూల్‌కు స్మార్ట్‌ఫోన్ రేటు వర్తించదని వాదించండి.

ప్రశ్న: గచ్చిబౌలిలో మాది స్టార్టప్. సిగ్నల్ ప్రాసెసింగ్‌లో మేం కనిపెట్టిన పద్ధతిని భారత టెలికాం ప్రమాణాల సంస్థ టీఎస్‌డీఎస్ఐ ద్వారా స్టాండర్డ్‌లోకి పంపాలనుకుంటున్నాం. పేటెంట్ పోతుందా?

జవాబు: వరస తప్పితేనే పోతుంది. ముందు దరఖాస్తు, ఆ తర్వాతే ప్రతిపాదన. 3జీపీపీకి వెళ్లే ప్రతిపాదన పత్రాలు అందరికీ కనిపిస్తాయి. అది బయటికొచ్చిన మర్నాడు దాఖలు చేసినా కొత్తదనం పోయినట్టే. బయటపెట్టాక కూడా 12 నెలల్లోపు దాఖలు చేసే వెసులుబాటు మన చట్టంలో ఉన్నది కొన్ని ప్రత్యేక సందర్భాలకే.

తెలంగాణ దరఖాస్తులు చెన్నై పేటెంట్ ఆఫీసుకు వెళ్తాయి. గుర్తింపు పొందిన స్టార్టప్‌కు ఆన్‌లైన్ ఫీజు 1,600 రూపాయలు, పెద్ద కంపెనీకి 8,000. ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేస్తే 12 నెలల్లో పూర్తి స్పెసిఫికేషన్, అంటే ఆవిష్కరణ పూర్తి వివరణ, ఇవ్వాలి. ముందు విదేశాల్లో వేద్దామనుకోకండి. ఇక్కడ దాఖలు చేసి ఆరు వారాలు ఆగాలి, లేదా పేటెంట్ ఆఫీసు అనుమతి తీసుకోవాలి.

స్టాండర్డ్ చర్చల్లో మీ పద్ధతి మారుతూ పోతుంది. దాఖలైన పత్రంలో లేనిదాన్ని తర్వాత క్లెయిమ్‌లో చేర్చలేరు. అందుకని ప్రత్యామ్నాయాలన్నీ, పారామీటర్ల హద్దులతో సహా, మొదటే రాయండి. వట్టి అల్గారిథమ్‌గా రాస్తే అల్గారిథమ్‌లకు పేటెంట్ లేదనే పేటెంట్ చట్టం సెక్షన్ 3(కె) కింద తిరస్కరిస్తారు. ట్రాన్స్‌మిటర్‌లో ఏం మారుతుందో, పవర్ యాంప్లిఫయర్ మీద భారం ఎలా తగ్గుతుందో క్లెయిమ్‌లో కనిపించాలి.

పేటెంట్ సంగతి దాచవద్దు. వీఎల్-బస్ అనే కంప్యూటర్ హార్డ్‌వేర్ స్టాండర్డ్‌కు ఓటేసేటప్పుడు తమ పేటెంట్ గురించి చెప్పకుండా తర్వాత హక్కు అడిగిన కంప్యూటర్ కంపెనీ డెల్, 1996లో అమెరికా వాణిజ్య నియంత్రణ సంస్థ ఎఫ్‌టీసీ ఉత్తర్వుతో ఆ పేటెంట్‌ను ఆ స్టాండర్డ్ వాడేవారిపై ప్రయోగించలేకపోయింది. ఊరికి దూరంగా ఉన్న వాడకందారులకు పనికొచ్చే, మన దేశంలో తయారైన 5జీ రూపం 5జీఐ స్టాండర్డ్‌లో ఐఐటీ హైదరాబాద్ పాత్ర ఉంది. అది చివరికి 3జీపీపీ స్పెసిఫికేషన్ల 17వ విడత (రిలీజ్ 17)లో కలిసింది. ఈ దారి మనవాళ్లకు కొత్తదేం కాదు.

ప్రశ్న: ప్రభుత్వ శాఖలో పనిచేస్తాను. టెండరులో ఓపెన్ స్టాండర్డ్స్ అని రాస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ఈ-గవర్నెన్స్ కోసం కేంద్రం 2010 నవంబరులో తెచ్చిన విధానం ప్రకారం, స్టాండర్డ్ అమలుకు కావాల్సిన పేటెంట్లు దాని జీవితకాలమంతా రాయల్టీ లేకుండా దొరకాలి. ఆ మాటను టెండరులో యథాతథంగా పెట్టి, అమ్మేవారి నుంచి ధ్రువపత్రం తీసుకోండి. ప్రజల రికార్డుల విషయంలో ఫ్రాండ్ కూడా చాలదన్నది మా గట్టి అభిప్రాయం. సొంత కోడింగ్ ఉన్న ఫాంట్‌తో టైపు చేసిన పాత తెలుగు ఫైలును ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిచి చూడండి. రైతు పేరు ఉండాల్సిన చోట ఆంగ్ల అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. తెలుగు డేటాకు యూనికోడ్ తప్పనిసరి అని షరతు రాయండి.

సీసీటీవీ టెండరైతే మరో జాగ్రత్త. వీడియోను కుదించే హెచ్.265 పద్ధతికి ఒకటికి మించి పేటెంట్ పూల్స్ (పలువురి పేటెంట్లకు కలిపి లైసెన్స్ ఇచ్చే బృందాలు) ఉన్నాయి, ఒకదాని లైసెన్స్ మరొకదానికి చెల్లదు. ఇలాంటి వీడియో పద్ధతుల (కోడెక్) లైసెన్సులన్నీ సరఫరాదారు బాధ్యతేనని, మీ శాఖపై దావా పడితే ఖర్చూ వారిదేనని ఒప్పందంలో ఉండాలి.