జర్మనీలో నర్సు ఉద్యోగం: బయలుదేరే ముందే తేల్చుకోవలసినవి

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చదివి హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో పనిచేస్తోంది. జర్మన్ భాషలో బీ1 (మధ్య స్థాయి) పూర్తయింది. దాని పై స్థాయి అయిన బీ2 అక్కడికి వెళ్లాక చదువుకోవచ్చని, వెంటనే బయలుదేరాలని ఒక ఏజెన్సీ వారు నాలుగు లక్షలు అడుగుతున్నారు. ఒంటరిగా పంపవచ్చా? – ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: నిశ్చింతగా పంపవచ్చు, కానీ బీ2 చేతికి వచ్చిన తరువాతే పంపండి.

మన నర్సింగ్ డిగ్రీకి అక్కడ వృత్తిపరమైన గుర్తింపు రావాలి. జర్మనీలోని ఆయా రాష్ట్రాల అధికారులు సిలబస్‌ను పరిశీలించి, లోటు కనిపిస్తే కొన్ని నెలల శిక్షణ గానీ పరీక్ష గానీ పూర్తిచేయమంటారు; సాధారణంగా బీ2 సర్టిఫికెట్ కూడా అడుగుతారు. ఇవన్నీ ముగిసేదాకా ఆమె సహాయకురాలి హోదాలో, ఆ స్థాయి జీతంతోనే పనిచేయాలి. ఉదయం ఆరింటికే మొదలయ్యే షిఫ్టు చేసి వచ్చి, కొత్త ఊళ్లో, చలిలో, వ్యాకరణంతో కుస్తీ పట్టే అమ్మాయిల నిరాశను నేను దగ్గరగా చూశాను. ఇంట్లో మీ మధ్య ఉండగా ఆరు నెలల్లో అయ్యే చదువు అక్కడ ఏడాది దాటుతుంది.

పని స్వభావం గురించి కూడా ఆమెతో మనసు విప్పి మాట్లాడండి. మన దగ్గర బంధువులో ఆయాలో చేసే స్నానం చేయించడం, అన్నం తినిపించడం, పక్క మార్చడం అక్కడ నర్సు విధుల్లో ముఖ్యమైన భాగం. ఇక్కడ ఆమె రోజూ చేసే సూదిమందు పనులు కొన్ని అక్కడ డాక్టర్ల చేతిలో ఉంటాయి. తన చదువును తక్కువ చేశారని బాధపడేవారు ఉన్నారు. ఆ సేవలో గౌరవం ఉందని ముందే తెలిసి వెళ్లినవారు త్వరగా కుదురుకున్నారు.

ఇక స్థిరపడే సంగతి. ఇల్లు చేరిన రెండు వారాల్లోగా నగర కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. అందుకు ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువపత్రం తప్పనిసరి. పన్ను సంఖ్య ఆ చిరునామాకే పోస్టులో వస్తుంది కాబట్టి, తలుపు దగ్గర పోస్టుపెట్టె మీద ఆమె పేరు ఉండాలి. అద్దెకు అడ్వాన్సు గరిష్ఠంగా మూడు నెలల అద్దె దాకా అడగవచ్చు, ఆ డబ్బు మొదటి జీతానికి ముందే కావాలి. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. మొదటి శీతాకాలంలో ఆమె గొంతు దిగులుగా వినిపిస్తే కంగారుపడి వెనక్కి రమ్మనకండి. అప్పుడు మనకూ వారికీ తేడా నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర. షిఫ్టు చూసుకొని ఫోన్ వేళ కుదుర్చుకోండి.

ఏజెన్సీ విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. విదేశాంగ శాఖ వద్ద నమోదైన ఏజెంటు అభ్యర్థి నుంచి తీసుకోగల సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. ఆ నాలుగు లక్షలు దేనికెంతో రాతపూర్వకంగా అడగండి, ఆ శాఖ వారి ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఆ సంస్థ పేరు సరిచూడండి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సులను జర్మనీకి పంపుతోంది, అక్కడా విచారించండి. మధ్యలో ఉద్యోగం మానితే శిక్షణ ఖర్చు తిరిగి కట్టాలనే షరతు ఒప్పందంలో ఉందేమో, ఉంటే ఎంతో, జర్మన్ ప్రతిని తెలిసినవారితో చదివించిన తరువాతే సంతకం చేయనివ్వండి.