బుజ్జిగాడి బొటనవేలు పైకి లేచిందని బెంగపడకు

అమ్మలూ,

నువ్వు పంపిన వీడియో చూశానే. అరికాలు గోకగానే బుజ్జిగాడి బొటనవేలు పైకి లేచి మిగతావి విసనకర్రలా విచ్చుకున్నాయి, దానికే ఫోన్‌లో ఏదేదో చదువుకుని రాత్రంతా ఏడ్చావంట, మీ అమ్మ చెప్పింది. వాడికింకా నాలుగో నెల కదే, ఈ వయసులో అలా రావడమే మామూలు. దాన్ని బాబిన్‌స్కీ సైన్ అంటారు, 1896లో పారిస్‌లో జోసెఫ్ బాబిన్‌స్కీ అనే డాక్టరు చెప్పింది. నాలాంటి ముసలిదానికి అలా లేస్తే మెదడులోనో వెన్నుపాములోనో తేడా ఉందేమో అని అనుమానించాలి. పసివాళ్ళకి మెదడు నుంచి వెన్నులోకి దిగే నరాల మీద తొడుగు, కరెంటు వైరుకి ఉంటుంది చూడు అలాంటిది, ఇంకా పూర్తిగా పట్టదు, అది పట్టేకొద్దీ వేళ్ళు కిందికి ముడుచుకుంటాయి, కొందరికి ఏడాదికే, కొందరికి రెండేళ్ళదాకా పడుద్ది.

చూడాలనిపిస్తే నీళ్ళుపోసిన వెంటనే చూడకు, నిద్రమత్తులో ఉంటాడు, ఆకలేసి ఏడ్చేటప్పుడూ వద్దు. కులాసాగా ఆడుకుంటున్నప్పుడు తల ఓ పక్కకి తిరక్కుండా వెల్లకిలా పడుకోబెట్టి, మడమ దగ్గర్నుంచి చిటికెనవేలి వైపు అంచు వెంబడే నీ బొటనవేలితో మెల్లగా పైకి గీయి. వేళ్ళ మొదలు మాత్రం తగలనివ్వకు, అక్కడ నొక్కితే వేళ్ళు ముడిచి పట్టుకుంటారు, అది వేరే రిఫ్లెక్స్ (తాకగానే దానంతటదే వచ్చే కదలిక), దాదాపు నడకొచ్చే టైముకి పోద్ది. పిల్లల వార్డులో నర్సుగా చేరిన కొత్తలో ఈ రెండూ కలిపేసి డాక్టరమ్మ చేత ఎన్ని తిట్లు తిన్నానో!

పుట్టినప్పుడు నిలబెడితే అడుగులేసేవాడు ఇప్పుడు మానేశాడని మీ అత్తగారు అంటున్నారంట కదా, అది రెండో నెలకే చాలామందికి ఆగిపోద్ది, కాళ్ళు బరువెక్కుతాయి మరి. అలాంటి పిల్లల్ని నీళ్ళలో నిలబెడితే మళ్ళీ అడుగులేస్తారు.

నేనైతే రెండు కాళ్ళూ ఒకేలా ఉన్నాయా లేదా అన్నదే చూస్తా. ఎప్పుడు చూసినా ఒక కాలు ఒకలా ఇంకోటి ఇంకోలా ఉన్నా, ఒక కాలు అసలు కదపకపోయినా, ఎత్తుకోగానే కాళ్ళు కత్తెరలా బిగుసుకుపోతున్నా, పాదం పైకి నొక్కితే టకటకా కొట్టుకుంటూ ఆగకపోయినా పిల్లల డాక్టరు దగ్గరికి వెంటనే తీసుకెళ్ళు, పెద్దయితే అదే సర్దుకుంటుందిలే అని ఎవరన్నా వినకు, నేనన్నా సరే. అంతేగానీ ఒక్క రిఫ్లెక్స్ చూసి జబ్బు ఉందనీ లేదనీ ఎవరూ తేల్చలేరు, రోజుకి పదిసార్లు వాడి కాళ్ళు గోకకు.

ఈసారి వీడియో తీస్తే రెండు కాళ్ళూ పడేలా తియ్యి, నువ్వు పంపినదాంట్లో కుడికాలు ఒక్కటే ఉంది.

మీ పెద్దమ్మ