వాక్యూమ్ క్లీనర్ దుమ్ము లాగకపోతే ముందు ఇవి చూడండి

శబ్దం మామూలుగానే వస్తోంది, దుమ్ము మాత్రం లాగట్లేదు, పది నిమిషాలకే ఆగిపోతోంది అన్నారు కదండీ. కంగారు పడకండి, మోటారు పోయి ఉండదు. గాలి ఆడక వేడెక్కితే లోపలి థర్మల్ కటాఫ్ (వేడి మించితే కరెంటు ఆపే స్విచ్) మెషీన్‌ని ఆపేస్తుంది. ప్లగ్ తీసేసి, గొట్టం ఊడదీసి, ఒక చివర నుంచి చిన్న గోలీ వదలండి. రెండో చివర రాలేదంటే అడ్డం అందులోనే ఉన్నట్టు. మా ఇంట్లో ఓసారి జుట్టు ఉండలో చుట్టుకుపోయిన చాక్లెట్ కాగితం బయటపడింది!

తర్వాత స్పాంజి ఫిల్టర్. ముగ్గుపిండి గానీ, గోడ గీకిన సున్నప్పొడి గానీ లాగారా? అవి దాని రంధ్రాలను ఇట్టే మూసేస్తాయి. చల్లటి నీళ్లలో మురికి పోయేదాకా పిండి, నీడలో 24 గంటలు ఆరనివ్వండి. తడిగా బిగిస్తే చెమ్మ మోటారులోకి పోతుంది, దయచేసి తొందరపడొద్దు. కాగితపు ఫిల్టరైతే కడగకండి, కొత్తది వేయాల్సిందే.