పాత వార్నిష్ మంచానికి తెల్ల రంగు వేయాలంటే వార్నిష్ మొత్తం గీకేయాలా?

అక్కర్లేదు. గరుకు కాగితం, అదే ఎమరీ, పట్టి మెరుపు చంపితే చాలు. వార్నిష్ నున్నగా ఉన్నంతకాలం దాని మీద ఎంత ఖరీదైన రంగు వేసినా నిలవదు. ఎక్కడైనా పొట్టు లేచి ఉంటే అంతమేర మాత్రం గీకండి.

శ్రీకాకుళం జిల్లా కవిటిలో మా పెద్దమ్మగారింట్లో పనస కర్ర పందిరి మంచం ఉంది. ఆ ఉద్దానం ప్రాంతంలో పనస చెట్లకి కొదవేముంది, పాత ఇళ్ళలో సామానంతా అదే. కోడలు ఫోన్లో ఏదో వీడియో చూసి తెల్ల రంగు వేయిద్దామంది. మొత్తానికింత అని మాట్లాడుకుని వచ్చిన పెయింటరు గుడ్డతో దుమ్ము దులిపి నేరుగా ఎనామిల్ అందుకున్నాడు. "ఎమరీ పట్టవా బాబూ?" అని పెద్దమ్మ అడిగితే, "రెండు కోటింగులేస్తే అదే పట్టేస్తాదమ్మా" అన్నాడు. మేం సంక్రాంతికి వెళ్ళేసరికి దోమతెర కట్టిన చోటల్లా రంగు పొరలుగా లేచిపోయింది. పిల్లలకి దాన్ని గోటితో లాగడం ఓ ఆట. అతన్ని పిలిచి చూపిస్తే "మీ ఊరి ఉప్పుగాలండీ" అన్నాడు. ఎమరీ పట్టనిది ఉప్పుగాలా?

పండగ సెలవుల్లో అన్నయ్యా నేనూ కూర్చుని మళ్ళీ చేశాం. ఊడే రంగంతా గీకి, బట్టల సోడా నీళ్ళతో జిడ్డు వదిలించి, మంచినీళ్ళతో తుడిచి ఆరనిచ్చాం. తర్వాత 120 నంబరు ఎమరీ, దాని మీద ఇంకా నున్నటి 220, అదీ కర్ర గీతల వెంటే. అడ్డంగా రుద్దితే పడే గాట్లు రంగు వేశాక కూడా కనిపిస్తాయి. దుమ్ముని టర్పెంటైన్ తడిపిన గుడ్డతో తుడిచి, పగుళ్ళకి లప్పం పెట్టాం. పనసలో పసుపు ఉంటుంది, అది తెలుపులోకి ఊరకుండా ముందు లక్క పాలిష్ ఒక పూత, ఆరాక రంగు పట్టుకోడానికి ఉడ్ ప్రైమర్. ప్రైమర్ మీద ఎమరీ తేలిగ్గా ఆడించి, ఎనామిల్ పల్చగా రెండు కోటింగులు, మధ్యలో ఒక రాత్రి గ్యాప్. వానాకాలంలో మాత్రం ఈ పని పెట్టుకోకండి. చెమ్మకి పైన ఆరినట్టే ఉంటుంది, లోపల జిగురు పోదు.

అసలు నన్నడిగితే పనసకీ టేకుకీ రంగెందుకు? బొబ్బిలి వీణలు చెక్కేది పనస కర్రతోనే. ఏళ్ళు గడిచేకొద్దీ రంగు ముదిరి అందం పెరిగే కర్రని ఆసుపత్రి మంచంలా తెల్లగా చేసుకోవాలనే సరదా ఏంటో! ప్లైవుడ్డో మామిడి కర్రో అయితే కానివ్వండి. మీది టేకైతే ఎమరీ దాకా చేసి, రంగు డబ్బా బదులు మళ్ళీ వార్నిషే కొనుక్కోండి. లప్పం, ప్రైమర్ ఖర్చు కూడా మిగులుతుంది.